తలకట్టు రాలిన ఏడు

మా పెదనాన్న సూర్యారావు మీద నాకు పదిహేనేళ్ల పాటు కోపం ఉండేది. ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ "నీకు ఆయనంటే పక్షపాతం" అనకూడదు. మా అమ్మ గంగాభవాని ఉద్యోగం ఊడింది ఆయన మాట వల్లే. సొంత మరదలని కూడా చూడకుండా, ఫ్యాక్టరీ వాళ్ల ముందు నిలబడి "మీటర్ బిల్కుల్ ఠీక్ హై" అన్న మనిషి ఆయన. మీటరు బాగుంటే తప్పెవరిది? మీటరు ముందు కూర్చున్న మనిషిదే కదా! ఆ రోజు నుంచి అమ్మ ఆయన గడప తొక్కలేదు, ఆయన్ని మా గడప తొక్కనివ్వలేదు.

నేను మాత్రం వెళ్లేదాన్ని. నా ఉద్యోగం నయా రాయపూర్‌లో, మా ఇల్లు మందిర్ హసౌద్‌లో. పెదనాన్న వాళ్లుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీ ఈ రెండింటికీ పూర్తిగా ఎడం, దారిలో పడిందని ఆగానని బొంకడానికి కూడా కుదరదు. అందుకని నెలకో ఆదివారం "స్నేహితురాలింటికి" అని అమ్మతో చెప్పి బస్సెక్కేదాన్ని. మా పెద్దమ్మ పైడమ్మ, అంటే అమ్మకు స్వయానా అక్క, చేపల పులుసు పెట్టేది. అది తిని, పెదనాన్నతో ముక్తసరిగా రెండు మాటలాడి, వచ్చేసేదాన్ని. పులుసు మీద కోపం లేదు కదా!

ఆయన గురించి చెప్పాలి. తండ్రి టెక్కలి వైపు నుంచి రాయపూర్ వచ్చి రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పనిచేశాడు. ఈయనకు మాత్రం రైల్వే ఉద్యోగం రాలేదు. ఒక మీటర్ల రిపేరు దుకాణంలో చేరి, నేర్చుకుని, చివరికి చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలన్నిటికీ మీటర్ల మేస్త్రి అయ్యాడు. కరెంటు కొలిచే, బల్ల మీద పెట్టుకునే పాతకాలపు మీటర్లు సరిగా చూపిస్తున్నాయో లేదో ఆరు నెలలకోసారి వెళ్లి పరీక్షించి, "ఓకే" అని చిన్న కాగితం అంటించి, దాని మీద సంతకం పెట్టడం ఆయన పని. ఆ కాగితం ఉంటే ఆ మీటరు మాటకు తిరుగులేదు.

ఆ పరీక్షకు ఆయన దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. అందులో స్టాండర్డ్ సెల్ అనే గాజు సెల్లు. దాని ఓల్టేజి ఎప్పుడూ ఒక్కటే, ఒకటి పాయింటు సున్నా ఒకటి ఎనిమిది. దాన్ని మీటరుకు తగిలిస్తే మీటరు కూడా 1.018 చూపించాలి. చూపిస్తే మంచి మీటరు, లేకపోతే చెడ్డది. అయితే ఆ సెల్లుకు వేడి తగలకూడదు, కుదుపు తగలకూడదు. అందుకని పెదనాన్న తెల్లవారుతూనే స్నానం చేసి, పెట్టెకు తడిగుడ్డ చుట్టి, చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని మొదటి బస్సెక్కేవాడు. ఏ ఫ్యాక్టరీలోనైనా ఎండ ముదరకముందే పరీక్ష పూర్తి కావాలి. తొమ్మిది దాటాక ఆ పెట్టె తెరవమని దేవుడు దిగొచ్చి అడిగినా తెరవడు. ఈ నియమం గురించి పెద్దమ్మ, "మడి కట్టుకున్నోలు కూడా ఇంత నిష్ఠగా ఉండరే" అని ఎగతాళి చేసేది.

2004 వేసవిలో జరిగింది ఇది. మందిర్ హసౌద్‌లో ఒక చిన్న ఫ్యాక్టరీ ఉండేది, ఇప్పుడు లేదు. బ్యాటరీ ఛార్జర్లలో పెట్టే బోర్డులు తయారుచేసేవారు. అమ్మను అందులో పెట్టించిందీ పెదనాన్నే. రేకుల షెడ్డులో మీటరు ముందు కూర్చుని, ఒక్కో బోర్డుకు తీగలు తగిలించి, మీటరు చూపించిన అంకె పుస్తకంలో రాయడం అమ్మ పని. 1.110కీ 1.119కీ మధ్య ఉంటే పాసు, లేకపోతే పక్కకు. అమ్మకు ఆ పనంటే ప్రాణం. ఇంటికొచ్చి ఎర్రగా మెరిసే ఆ అంకెల గురించి నాకు కథలు చెప్పేది. ఎలక్ట్రానిక్ అంకెలు ఏడు గీతలతో తయారవుతాయనీ, ఎనిమిదికి ఏడు గీతలూ వెలగాలనీ, ఒకటికి కుడివైపు నిలువు గీతలు రెండు చాలనీ నాకు పదమూడో ఏట అమ్మే నేర్పింది.

ఒక రోజు వచ్చి, "అమ్మీ, మూడో గడిలో అంకెకి మజ్జానమయ్యేసరికి తలకట్టు రాలిపోతంది" అంది. అక్షరానికి తలకట్టు ఉన్నట్టే అంకెకు పైన అడ్డగీత ఉంటుందనీ, అది ఆరిపోతోందనీ అమ్మ భావం. సూపర్‌వైజరుతో చెప్పింది. ఆయన పెదనాన్నను పిలిపించాడు. పెదనాన్న మర్నాడు పొద్దున్నే ఏడింటికి తడిగుడ్డ పెట్టెతో వచ్చాడు, సెల్లు తగిలించాడు. 1.018! అన్ని గీతలూ చక్కగా ఉన్నాయి. ఓకే కాగితం అంటించి వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా ఒక లాటు మొత్తం, ఒకే మధ్యాహ్నం కొలిచిన మూడు వందల నలభై బోర్డులు, కొన్నవాళ్లు వెనక్కి పంపారు. వాటి ఓల్టేజి 1.170కీ 1.179కీ మధ్య ఉంది. అమ్మ పుస్తకంలో మాత్రం అన్నిటికీ 1.11 అనే ఉంది.

"కొలవకుండా కూర్చుని రాసేసింది" అన్నారు. అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది, కనిపించిందే రాశానని. మళ్లీ పెదనాన్నను పిలిచారు. మళ్లీ పొద్దున్నే, మళ్లీ 1.018, మళ్లీ అదే మాట. అమ్మ ఆయన్ని, "బావా, మజ్జానం దాకా ఒక్క పూట నా పక్కన కూకో, నీకే కనబడతాది" అని అడిగింది. ఆయన చెక్కపెట్టె ఎండలో పడుతుందని బస్సెక్కేశాడు. ఆ సాయంత్రమే అమ్మను పంపేశారు. దొంగ రీడింగుల మనిషని పేరొచ్చాక ఇంకే ఫ్యాక్టరీ రానిస్తుంది? అప్పటినుంచి అమ్మ చీరలకు ఫాల్సు కుడుతోంది. ఎలక్ట్రానిక్ అంకెల ఊసు మళ్లీ మా ఇంట్లో రాలేదు.

ఇక 2019 మే నెల. ఒక ఆదివారం పొద్దున నేను కాలనీకి వెళ్లేసరికి వరండాలో బల్ల మీద బూడిదరంగు మీటరొకటి ఉంది. దాని పక్క రేకు మీద వరసగా తొమ్మిది ఓకే కాగితాలు, అన్నిటి మీదా పెదనాన్న సంతకం. చూడగానే నా ఒళ్లు మండిపోయింది.

"ఇదేనా?" అన్నాను.

"ఇదే" అన్నాడు పెదనాన్న, తల ఎత్తకుండా. "ఆ ఫ్యాక్టరీ సామాను తుక్కు కింద కబాడీకి ఎల్లిపోనాది. పాత మీటర్లొస్తే కబాడీవోడు నాకోసం ఉంచుతాడు కదా. నా సంతకం సూసి తెచ్చీసినాను."

"ఎందుకు? ఇంకో ఓకే కాగితం అంటించడానికా?"

పెద్దమ్మ లోపలినుంచి, "ఒలే అమూల్యా, పెద్దోలతో అలగేటి మాటలు!" అని కేకేసింది. పెదనాన్న అప్పటికే అరవై ఆరేళ్ల మనిషి. మీటరు ఆన్ చేసి, చెక్కపెట్టెలోంచి సెల్లు తీసి తగిలించాడు. ఎర్రటి అంకెలు వెలిగాయి. 1.018.

"సూసినావా?" అన్నాడు. అందులో గర్వం లేదు. నిజంగా అర్థంకాక అడిగినట్టే ఉంది. "పదిహేనేళ్ల తరవాత కూడా ఎంత కరెట్టుగా ఉందో సూడు. మరి భవానికి తలకట్టు లేని అంకెలు ఎలగ కనబడ్డాయి? భవాని అబద్ధమాడే మడిసి కాదు. ఇది అబద్ధమాడే మీటరు కాదు. నాకు ఇన్నేళ్లూ తెగలేదే."

నాకు గట్టిగా అరవాలనిపించింది. అమ్మ అబద్ధమాడదని తెలిసి కూడా నోరు మూసుకున్నావా అని. అరిచే ఉందును, కానీ తెగలేదన్న ఆ మాట నన్ను పట్టేసింది. ఎందుకంటే నాకూ తెగలేదు. అమ్మను నమ్మాను, అంతే. ఎలా జరిగిందో మాత్రం నాకూ తెలియదు.

ఆయన సెల్లు ఊడదీసి పెట్టెలో పెట్టాడు. మీటరు ఆపబోయాడు.

"ఆపకు" అన్నాను. "మా అమ్మ రోజంతా దీని ముందు కూర్చునేది. నువ్వు పది నిమిషాలు చూసి వెళ్లిపోయేవాడివి. ఇవాళ సాయంత్రం దాకా ఉండనీ."

ఆయన నన్నొకసారి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీగలు రెండూ కలిపి కట్టి వదిలేశాడు. మీటరు 0.000 చూపిస్తూ ఉండిపోయింది. నేను ఇంటికి వెళ్లిపోవాల్సిన బస్సు వెళ్లిపోయింది, తరవాతిదీ వెళ్లిపోయింది. మే నెల రాయపూర్ ఎండ సంగతి తెలిసిందే, వరండాలో గాలి కూడా కాలుతోంది. పెద్దమ్మ మజ్జిగ తెచ్చి, ఇద్దర్నీ చూసి, "మీకేటైనా పిచ్చా? సున్నాల్ని సూస్తా కూకున్నారు!" అని తిట్టి, తనూ ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

పన్నెండున్నరకు, మజ్జిగ గ్లాసు కింద పెడుతుంటే, మూడో సున్నాకు పైగీత పోయింది.

మిణుకుమనలేదు, ఏమీ లేదు. ఉన్నట్టుండి లేదంతే. మూత తీసేసిన గిన్నెలా ఉంది ఆ సున్నా. "ఓలమ్మో!" అంది పెద్దమ్మ. మా అమ్మ చెప్పిన తలకట్టు! పదమూడో ఏట విన్నది ఇరవై ఎనిమిదో ఏట కళ్లారా చూశాను.

పెదనాన్న లేచి లోపలికి వెళ్లాడు. చెక్కపెట్టె తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం ఆ పెట్టె మూత తెరవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. సెల్లు తగిలించాడు.

1.018. ఒక్క గీత కూడా తగ్గలేదు.

"సరైపోయిందా?" అన్నాను నీరసంగా. సెల్లు తీశాడు, మళ్లీ సున్నాకు మూత లేదు. పెట్టాడు, 1.018 నిక్షేపంలా ఉంది. ఇలా మూడుసార్లు చేశాడు. తరవాత కుర్చీలో కూలబడ్డాడు.

"మూడో గడిలో ఏటుంది?" అని అడిగాడు, నన్నో, తన్నుతానో.

"ఒకటి."

"ఒకటికి తలకట్టు ఉంటాదా?"

ఉండదు. రెండు నిలువు గీతలే. పోయిన గీత ఆ అంకెకు అక్కర్లేని గీత. ముప్పై ఏళ్లుగా ఆయన ప్రతి మీటరునూ అదే అంకె అడిగాడు. రోజూ రెండో ఎక్కమే అప్పజెప్పించుకుని, పిల్లకు ఏడో ఎక్కం కూడా వచ్చనుకున్నట్టు! పొద్దున్నే కాదు, మధ్యాహ్నం వచ్చి చూసి ఉన్నా ఆ సెల్లుతో ఆయనకు ఈ తప్పు దొరికేది కాదు.

తరవాత ఆయన లేచాడు. టార్చిలైటు సెల్లొకటి, తిప్పే మీటొకటి తీసుకుని, ఓల్టేజి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాడు. నన్ను చదవమన్నాడు. మూడో గడిలో రెండు వచ్చింది, తల లేదు. మూడు వచ్చింది, తల లేదు. అవి చూడగానే విరిగిన అంకెలని తెలిసిపోతున్నాయి. ఆరు వచ్చింది, ఈ పాత మీటర్లలో ఆరుకు పైగీత పెట్టరట, కాబట్టి తేడా లేదు. ఇంకొంచెం తిప్పాడు.

"ఒకటి పాయింటు ఒకటి ఒకటి నాలుగు" అని చదివాను.

"సరిగ్గా సూడు. పెంచుకుంటా ఒచ్చినాను. ఆరు తరవాత ఒకటెలగ ఒస్తాది?"

ఏడు! ఏడుకు పైగీత తీసేస్తే మిగిలేది ఒకటే. విరిగినట్టు కనబడదు, అనుమానం రాదు, పెద్దమనిషిలా నిలబడి అబద్ధం చెబుతుంది. ఉన్నది 1.174, చూపిస్తున్నది 1.114. మూడు వందల నలభై బోర్డులు, అన్నీ 1.17తో మొదలయ్యేవి. మా అమ్మ తనకు కనిపించిందే రాసింది. ఒక్క అంకె కూడా కల్పించలేదు.

నేను ఏడ్చాను. దాచడమెందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దమ్మ కూడా ఏడ్చింది. పెదనాన్న ఏడవలేదు, మీటరు మూత విప్పాడు. పెన్సిలు వెనక రబ్బరుతో లోపల ఒక్కో చోటే మెల్లిగా నొక్కుకుంటూ వెళ్లాడు. ఒకచోట నొక్కగానే తలకట్టు వచ్చింది, వదలగానే పోయింది. భూతద్దం పెట్టి నన్ను చూడమన్నాడు. టంకం చుక్క చుట్టూ వెంట్రుకంత పగులు. చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని ఉంటుంది, వేడెక్కితే విడిపోతుంది. మా అమ్మ పదిహేనేళ్లు ఆ వెంట్రుకవాసికి పోయాయి.

టంకం కర్ర వేడెక్కింది. అర నిమిషం పని. ఆయన దాన్ని పగులు దాకా తీసుకెళ్లి, ఆగి, స్టాండు మీద పెట్టేశాడు. పాడైన మీటరును పాడైనట్టే వదిలేయడం ఆయన వల్లయ్యే పని కాదు, అందుకే ఆశ్చర్యపోయాను.

"ఇప్పుడు సెయ్యను. ముందు భవాని సూడాల" అన్నాడు.

మరుసటి ఆదివారం పదింటికి కాలనీ నుంచి ఆటోలో ముగ్గురం మా ఇంటికి బయల్దేరాం. మీటరు ఆయన ఒళ్లో ఉంది. చెక్కపెట్టె తేలేదు. నేను అమ్మకు ముందుగా చెప్పలేదు, చెబితే తలుపు తాళం వేసుకుని వెళ్లిపోతుందని నాకు తెలుసు. అమ్మ తలుపు తీసింది. అక్కను చూసింది, బావను చూసింది, ఆయన చేతుల్లో ఉన్నది చూసింది. చివరికి నన్ను చూసింది. "స్నేహితురాలిల్లు ఇదేనేటే?" అంది.

లోపలికి రమ్మనలేదు, వద్దనీ అనలేదు. పక్కకు జరిగింది. పెదనాన్న కుట్టుమిషను పక్కన మీటరు పెట్టి, టార్చి సెల్లు తగిలించి, మీట తిప్పి 1.174 దగ్గర ఆపి కూర్చున్నాడు. అమ్మ ఫాల్సు కుట్టుకుంటూనే ఉంది. పదకొండయింది, పన్నెండయింది, పన్నెండున్నర దాటింది. 1.174 అలాగే ఉంది. ఏడు తలకట్టు చెక్కుచెదరలేదు. పెదనాన్న ముఖం పాలిపోయింది. మీటరు మీద చెయ్యి వేసి చూస్తున్నాడు, నాకేసి చూస్తున్నాడు. ఇంత దూరం తెచ్చి, ఈ మీటరు అమ్మ ముందు కూడా నిజాయితీపరురాలిలా నటిస్తుందా అని నాకూ భయం పట్టుకుంది. దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

అమ్మ దారం కొరికి, చీర మడిచి, తల ఎత్తకుండానే అంది.

"కూలరు ఆపు బావా. సల్లటి గాల్లో అది ఎన్ని గంటలైనా బుద్ధిగానే ఉంటాది."

మా ముగ్గురికీ తట్టలేదు! మీటరుకు ఎదురుగానే కూలరు నీళ్లగాలి చిమ్ముతోంది. నేను పరిగెత్తి ఆపాను. అమ్మే లేచి కిటికీలు కూడా మూసింది. నలుగురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. అమ్మ ఇప్పుడు కుట్టడం లేదు, మీటరునే చూస్తోంది. "ఇంకొంచెం" అంది ఒకసారి. ఆ తరవాత కాసేపటికి ఏడు ఒకటైపోయింది.

"అదీ" అంది అమ్మ మెల్లిగా.

పెదనాన్న లేచి నిలబడ్డాడు. "భవానీ, నాను తప్పు సెప్పినాను. రెండుసార్లు సెప్పినాను. రేపు నీతోటి పనిసేసినోలు ఎక్కడెక్కడున్నారో ఎతికి, ఒక్కొక్కలింటికీ ఎల్లి సెప్తాను" అన్నాడు.

"మీటరు తప్పు సెప్తే నాకు కోపం లేదు బావా. అది యంత్రం" అంది అమ్మ. "ఒక్క పూట నా పక్కన కూకోమన్నాను. నీకు గాజు సెల్లుకి ఎండ తగలడమే పెద్ద విషయమైపోనాది. నాకు తగల్లేదేటి?"

అమ్మ కళ్లు తుడుచుకుంది, కొంగుతో ముక్కు కూడా తుడుచుకుంది. తరవాత మీటరు మూతకేసి చూపించి, "ఇంక బాగుసెయ్యి. నాను సూస్తాను" అంది.

ఆయన టంకం పెట్టాడు. ఏడుకు తలకట్టు వచ్చింది. జేబులోంచి కొత్త ఓకే కాగితం తీసి, సంతకం పెట్టకుండా పెన్నుతో సహా అమ్మ ముందుకు జరిపాడు. అమ్మ దాన్ని చూసింది కానీ పెన్ను ముట్టుకోలేదు.

"ఇప్పుడేటి సంతకం? మూత తీసి సల్లారబెట్టినావు కదా. మళ్లీ మీటరు వేడెక్కాల, రెండు గంటలైనా సూడాల" అంది. లేచి వంటింట్లోకి వెళ్తూ, వెనక్కి తిరక్కుండానే, "కూలరు ఎయ్యకండి. అక్కా, కంచాలు తియ్యి. అందాకా బావ అన్నం తిని ఇక్కడే కూకుంటాడు" అంది.